4636కు వచ్చిన సందేశాలను చదివిందెవరు?

2010 జనవరి మూడవ వారంలో హైతీ దేశంలో ఒక చిన్న సంఖ్య నోటినోటా తిరిగింది. 4636. సెల్‌ఫోను మీటల మీద ఆ అంకెల పక్కనున్న రోమన్ అక్షరాలను వరుసగా నొక్కితే ‘ఇన్ఫో’ అనే మాట వస్తుంది. భూకంపంలో సర్వం కోల్పోయినవారు తామెక్కడున్నదీ, తమకేం కావలసిందీ పైసా ఖర్చు లేకుండా ఆ సంఖ్యకు పంపవచ్చునని రేడియోలు చాటాయి. జనం పంపారు. వేలల్లో, పదుల వేలల్లో పంపారు.

అన్నీ దాదాపుగా హైతీ క్రెయోల్ భాషలో ఉన్నాయి. సాయం పట్టుకొని నౌకల్లోనూ విమానాల్లోనూ దిగినవారిలో ఆ భాష చదవగలిగినవారు బహుకొద్దిమంది.

ఈ ఉదంతం తరువాత ఎన్నో పుస్తకాలకూ ప్రసంగాలకూ విషయమయింది. వాటిలో తప్పకుండా కనిపించేది ఒక పటం. చుక్కలతో నిండిపోయిన హైతీ పటం. ప్రపంచం నలుమూలల నుంచీ ఔత్సాహికులు కూడి, కంప్యూటర్ల ముందు కూర్చొని, ఎక్కడో ఉన్న అభాగ్యులను కాపాడిన గాథకు ఆ పటం గుర్తుగా నిలిచిపోయింది. గాథ పూర్తిగా అబద్ధమని నేననను. కానీ ఆ పటంపై చుక్క పడాలంటే అంతకుముందు ఎవరో ఒకరు ఆ సందేశాన్ని చదివి, అర్థం చేసుకొని, ఆ చోటెక్కడో గుర్తుపట్టి ఉండాలి కదా. వారెవరన్నది నాకు పటం కంటే ఆసక్తికరంగా తోచింది. మన భాషలో మనం కంప్యూటరు మీద వ్రాసుకోవడమే ఒక పెద్ద సంబరంగా బ్లాగులు మొదలుపెట్టినవాళ్ళం గనుక, ఈ కథలో భాష పాత్ర మీకూ ఆసక్తి కలిగిస్తుందనుకుంటాను.

కథ హైతీలో మొదలు కాలేదు. అంతకు రెండేళ్ళ ముందు, ఆఫ్రికాలో, కొందరు బ్లాగరుల వల్ల మొదలైంది.

2007 డిసెంబరు 27న కెన్యాలో ఎన్నికలు జరిగాయి. 30వ తేదీన అధ్యక్షుడు మ్వాయ్ కిబాకీ మళ్ళీ గెలిచినట్లు ప్రకటించి, చీకటి పడుతుండగా హడావుడిగా ప్రమాణస్వీకారం చేయించారు. ప్రత్యర్థి రైలా ఒడింగా ఒప్పుకోలేదు. దేశం భగ్గుమంది. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించింది. జనవరి 1న ఎల్డొరెట్ సమీపంలో కియాంబా అనే ఊరి చర్చిలో తలదాచుకున్న స్త్రీలనూ పిల్లలనూ చర్చితో సహా తగులబెట్టారు. తరువాత నియమించిన విచారణ సంఘం లెక్క ప్రకారం ఆ రెండు నెలల్లో చనిపోయినవారు 1,133 మంది. ఇళ్ళు వదిలి పారిపోయినవారు లక్షల్లో ఉన్నారు.

ఆ రోజుల్లో ఓరీ ఒకోల్లో అనే న్యాయవాది తన బ్లాగులో, పత్రికల్లో రాని వార్తలను, పాఠకులు పంపినవాటిని, ఎప్పటికప్పుడు పెడుతూ వచ్చారు. వస్తున్న సమాచారం ఒక్క మనిషి మోయగలిగినంత లేదు. జనవరి 3న వ్రాసిన టపాలో ఆవిడ ఒక కోరిక కోరారు: ఎక్కడ ఏ దారుణం జరిగిందో పటం మీద గుర్తులు పెట్టి చూపించే పని ఎవరైనా సాంకేతిక నిపుణులు చేయగలరా అని. ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్ అనే మరో ఇద్దరు బ్లాగరులు, డేవిడ్ కోబియా అనే ప్రోగ్రామరు ముందుకు వచ్చారు. కొద్ది రోజుల్లోనే స్థలం తయారైంది. పేరు ఉషాహిదీ. స్వాహిలీలో సాక్ష్యమని అర్థం. కోబియా అప్పటికి ఉన్నది అమెరికాలోని అలబామాలో. ఈ నలుగురూ ఒక గదిలో కూర్చొని చేసిన పని కాదది.

ఉషాహిదీలో ఎవరైనా వచ్చి, లేదా ఎస్సెమ్మెస్ పంపి, తాము చూసినది చెప్పవచ్చు. నిర్వాహకులు వీలైనంతవరకు నిర్ధారించుకొని పటం మీద గుర్తు పెట్టేవారు. ఆ సంవత్సరమే ప్యాట్రిక్ మైయర్, కేట్ బ్రొడాక్ అనే పరిశోధకులు ఉషాహిదీ సమాచారాన్ని పత్రికల వార్తలతో పోల్చి చూశారు. పత్రికలు ముఖ్యంగా మరణాలను లెక్కపెట్టాయి. మరణాల దాకా పోని హింస, పట్నాలకు దూరంగా జరిగినవి ఉషాహిదీలో ఎక్కువ కనబడ్డాయి. మైయర్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక్క మాట. ఆపదలో బ్లాగరులు ఇలా కూడడం అదే మొదటిసారి కాదు. 2004 డిసెంబరు 26 సునామీ వచ్చిన మర్నాటికే ముంబయి బ్లాగరులు పీటర్ గ్రిఫిన్, రోహిత్ గుప్తా, దీనా మెహతా తదితరులు కలిసి సమాచారమూ సహాయమూ ఒకచోట చేర్చే బ్లాగు నడిపారు. అదే సునామీ తరువాత శ్రీలంక ప్రోగ్రామర్లు ‘సహన’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్రాశారు. తప్పిపోయినవారి పట్టికలు, శిబిరాల వివరాలు, వచ్చిన సామగ్రి అన్నీ అందులో పెట్టుకోవచ్చు. 2005లో కత్రీనా తుపాను తరువాత అమెరికాలో తప్పిపోయినవారి పేర్లను వేర్వేరు స్థలాల నుంచి ఏరి ఒకచోట చేర్చినవారు కూడా ఔత్సాహికులే. వీటికి అప్పటికి పేరు లేదు. క్రౌడ్‌సోర్సింగ్ అనే మాటను 2006 జూన్‌లో వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ వాడుకలోకి తెచ్చారు. ఔట్‌సోర్సింగ్‌కు తోబుట్టువుగా పుట్టిన మాట. కంపెనీ తన ఉద్యోగుల చేత చేయించే పనిని బయటి జనం చేత చౌకగా చేయించుకోవడం దాని అసలు అర్థం. వరదలకూ భూకంపాలకూ ఆ పేరు తగిలించడం నాకెప్పుడూ నచ్చలేదు. తెలుగు మాట వెదికితే ‘జనసేకరణ’ అంటే ఎన్నికల సభకు లారీల్లో తోలినట్లుంటుంది, ‘మందిబలం’ అంటే మరీ అన్యాయం. ‘పదిమంది పని’ అంటే చాలునేమో. తెలుగు వికీపీడియాలో రాత్రిళ్ళు కూర్చొని ఊళ్ళ పేజీలు నింపినవారికి ఈ పదిమంది పని అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

సరే, హైతీకి వద్దాం.

2010 జనవరి 12, సాయంత్రం 4 గంటల 53 నిమిషాలు. రాజధాని పోర్టోప్రిన్స్‌కు పాతిక కిలోమీటర్ల పడమరగా, లెయొగాన్ పట్టణం దగ్గర భూమి కంపించింది. తీవ్రత 7.0. అధ్యక్ష భవనం కుంగిపోయింది. ఐక్యరాజ్యసమితి దళం కార్యాలయమున్న క్రిస్టఫర్ హోటలు కూలి, ఆ సంస్థవారే వందమందికి పైగా దేశం మొత్తమ్మీద చనిపోయారు, దళాధిపతి హెదీ అన్నబీతో సహా. మొత్తం మృతుల సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. లక్ష అన్నవారున్నారు, ప్రభుత్వం మూడు లక్షల పైన చెప్పింది. సాయం చేయవలసిన ప్రభుత్వమూ, ప్రభుత్వానికి సాయం చేయవలసిన ఐక్యరాజ్యసమితీ, రెండూ ఆ నిమిషంలోనే దెబ్బతిన్నాయి.

మైయర్ అప్పటికి బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్‌లో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు ఫ్లెచర్ విద్యాలయంలో పరిశోధక విద్యార్థి. ఉషాహిదీలో కూడా పని చేస్తున్నారు. టీవీలో వార్త చూసి, డేవిడ్ కోబియాకు ఫోను చేశారు. ఆ రాత్రే హైతీ పటం అంతర్జాలంలోకి వచ్చింది. మొదటి రోజుల్లో ట్విట్టరు, ఫేస్‌బుక్, వార్తాపత్రికల నుంచి సమాచారం ఏరి గుర్తులు పెట్టారు. ఆయన గదిలో తోటి విద్యార్థులు లాప్‌టాప్‌లతో బైఠాయించారు, తరువాత ఇతర నగరాల్లోనూ అలాంటి బృందాలు ఏర్పడ్డాయి. అందరినీ కలిపింది స్కైపు.

అయితే ట్విట్టరులో వ్రాస్తున్నది ఎవరు? ఎక్కువగా విదేశీయులు, విలేకరులు, ఇంగ్లీషో ఫ్రెంచో వచ్చిన కొద్దిమంది. శిథిలాల పక్కన కూర్చున్న సామాన్యుడి చేతిలో ఉన్నది మామూలు సెల్‌ఫోను. హైతీలో ఫోను టవర్లు కొన్ని నిలిచాయి, మరికొన్నిటిని కొద్ది రోజుల్లో బాగుచేశారు. వైద్యసేవలకు ఎస్సెమ్మెస్ వాడడంపై పనిచేస్తున్న జాష్ నెస్బిట్ అనే యువకుడు, ట్విట్టరులో వాకబు చేసి, హైతీలో అతిపెద్ద ఫోను సంస్థ డిజిసెల్‌లో పనిచేసే ఒకరిని పట్టుకున్నారు. అలా దొరికింది 4636. భూకంపం వచ్చిన నాలుగైదు రోజులకల్లా సందేశాలు రావడం మొదలయింది.

అక్కడే భాష అడ్డం తిరిగింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

హైతీలో ఫ్రెంచి పాలకుల భాష, కోర్టుల భాష, బడి భాష. అది ధారాళంగా వచ్చినవారు కొద్దిమంది. ఇళ్ళలో, అంగళ్ళలో, చివరకు ఏడ్చేటప్పుడు, అందరిదీ క్రెయోల్. ఆ క్రెయోల్‌కు అధికార భాషా ప్రతిపత్తి దక్కింది 1987 రాజ్యాంగంతో. వ్రాతకు ఒక ప్రామాణిక వర్ణక్రమం కుదిరింది అంతకు కొద్ది సంవత్సరాల ముందే. కాబట్టి చాలామందికి తమ భాషను మాట్లాడడం తెలుసు గానీ వ్రాయడం బడిలో నేర్చుకోలేదు. ఎస్సెమ్మెస్ అన్నది 160 అక్షరాల వ్యవహారం. ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు, అక్షరాలు మింగేస్తూ, మధ్యలో ఫ్రెంచి కలుపుతూ వ్రాశారు. తెలుగును రోమన్ లిపిలో ఎస్సెమ్మెస్‌గా పంపుకున్న కాలం మనకు బాగా గుర్తే. మా బంధువర్గంలోనే ఒక్కొక్కరిదీ ఒక్కొక్క వర్ణక్రమం. చదివేవాడికి తెలుగు వచ్చి ఉంటే తప్ప బ్రహ్మకు కూడా అర్థం కాదు.

రెండవ చిక్కు చిరునామాలు. డెల్మాస్ అని ఒక పెద్ద రహదారి ఉంది. దాని నుంచి చీలే వీథులకు అంకెలే పేర్లు: డెల్మాస్ 19, డెల్మాస్ 33, ఇలాగ. అంకె చూసి ఇంటినంబరనుకునే పరాయివాడు చిక్కుకుంటాడు. కారెఫూర్ అంటే కూడలి. అది రాజధానిని ఆనుకొని ఉన్న ఒక పెద్ద పట్టణం పేరు కూడా. కారెఫూర్ ఫెయ్ అని నగరంలోనే వేరే పేట ఒకటి. ఇక ఫలానా చర్చి వెనక, ఫలానా బడి ఎదురుగా అని జనం వ్రాస్తే ఏ పటంలో వెదకాలి?

ఈ చిక్కు విడదీసినవారు హైతీ మనుషులే. స్టాన్‌ఫర్డ్‌లో భాషాశాస్త్రం చదువుతున్న రాబర్ట్ మన్రో అనువాదకులను కూడగట్టే పని చూశారు. మాంట్రియల్, మయామి, న్యూయార్క్, బోస్టన్‌లలో హైతీవారి జనాభా పెద్దది. అక్కడివారు, ఇంకా ఎన్నో దేశాల్లో చెదిరి ఉన్నవారు, వెయ్యిమందికి పైగా, అంతర్జాలంలో ఒకచోట కూడారు. సందేశం వస్తుంది, ఎవరో ఒకరు అందుకొని ఇంగ్లీషులోకి మారుస్తారు, ఏ రకం అవసరమో గుర్తిస్తారు, చోటు తెలిస్తే పటంపై అక్షాంశ రేఖాంశాలు చూపిస్తారు. తెలియకపోతే పక్కనున్న ముచ్చట్ల కిటికీలో అడుగుతారు. ఆ పేట మా అమ్మమ్మగారిది, అక్కడ రెండు చర్చిలున్నాయి, సందేశంలో చెప్పినది ఫలానాది అనగలిగినవారు ఆ కిటికీ అవతల ఉండేవారు. మొత్తం పని నిమిషాల్లో పూర్తయ్యేది. అనువాదమైనవి అమెరికా తీరరక్షక దళానికీ, సైనిక కమాండుకూ, సహాయ సంస్థలకూ వెళ్ళేవి.

వారి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. తన కన్నవారు బ్రతికున్నారో లేదో తెలియని మనిషి ఇతరుల కన్నవారి గురించిన సందేశాలు వరుసగా చదువుతూ, అనువదిస్తూ కూర్చున్నాడు. అందులో శిథిలాల కింద చిక్కుకున్నవారి కబుర్లు తక్కువే. ఎక్కువ భాగం ఆకలి, నీళ్ళు, గుడారం, మందులు, పని ఏమైనా ఇప్పించండన్న విన్నపాలు, కనబడని మనిషి గురించి వాకబులు. ఇది అంతా కాపాడే పని కాదు, వినే పని. అంతర్జాతీయ గాలింపు బృందాలన్నీ కలిసి శిథిలాల నుంచి సజీవంగా తీసినవారు సుమారు 130 మంది. మిగిలినవారిని బయటికి లాగింది ఇరుగుపొరుగువారి చేతులు, గునపాలు. ఆ చేతులను ఏ పటమూ చూపలేదు, చూపే అవసరమూ వారికి లేకపోయింది.

వారాలు గడిచేకొద్దీ స్వచ్ఛందసేవకులు అలసిపోయారు. ఎవరి ఉద్యోగాలు వారికున్నాయి. అప్పుడు ఆ అనువాద పనిని క్రౌడ్‌ఫ్లవర్, సామాసోర్స్ అనే సంస్థల ద్వారా హైతీలోనే, మీర్‌బాలే అనే ఊళ్ళో కూలికి చేసేవారికి మార్చారు. భూకంపం వల్ల ఉపాధి పోయిన దేశంలో తమవాళ్ళ మొర తామే చదివి తర్జుమా చేసే ఉద్యోగం. ఈ ఘట్టాన్ని గాథలు చెప్పేవారు సాధారణంగా దాటవేస్తారు. ఉచితసేవ అన్న కాంతిలో కూలి డబ్బు మాట ఇమడదు కాబోలు. నా మటుకు నాకు ఈ కథ మొత్తంలో అతి వివేకవంతమైన నిర్ణయం ఇదే.

భాషది ఒక కథ, నేలది ఇంకొక కథ. భూకంపం నాటికి పోర్టోప్రిన్స్‌కు అందరూ వాడుకోదగిన మంచి పటం అంతర్జాలంలో లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండులో మొదలుపెట్టిన పథకం ఉంది, వికీపీడియాలాగే ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం. అందులో ఆ నగరానికి నాలుగు పెద్ద రోడ్లు తప్ప లేవు. ఉపగ్రహ సంస్థలు తమ తాజా చిత్రాలను వాడుకోనిచ్చాయి. వాటిపై గీతలు గీస్తూ వందలాది ఔత్సాహికులు కొద్ది రోజుల్లో సందుసందునూ పటమెక్కించారు, కొత్తగా లేచిన గుడారాల శిబిరాలతో సహా. వర్జీనియా నుంచి వెళ్ళిన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ గాలింపు బృందం దానిని తమ జీపీఎస్ పరికరాల్లో ఎక్కించుకొని తిరిగింది. ఇక్కడా అదే మెలిక. ఉపగ్రహం నుంచి వీథి కనిపిస్తుంది, వీథి పేరు కనిపించదు. ఏ ఇల్లు ఆసుపత్రో కప్పు చూస్తే తెలియదు. అందుకే మార్చి నెల నుంచి ఆ పథకంవారు హైతీకి వెళ్ళి స్థానికులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే అది హాట్ అనే పొట్టిపేరుతో ఒక సంస్థగా నమోదైంది.

ప్రశంసలు వెల్లువెత్తాయి. ఉషాహిదీ హైతీ పటమే అందుబాటులో ఉన్నవాటిలో సమగ్రమైనదని అమెరికా అత్యవసర సేవల అధిపతి క్రెయిగ్ ఫ్యూగేట్ మెచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం నుంచి లెక్కలు తీసేవారు వచ్చారు. ఇక్కడి నుంచి కథ చరిత్రగా మారుతుంది.

మొదటి లెక్క: పటం మీద పెట్టిన గుర్తులు సుమారు మూడున్నర వేలు. 4636కు వచ్చిన సందేశాలు అంతకు ఎన్నో రెట్లు. 2011లో వెలువడిన స్వతంత్ర మదింపు ప్రకారం, ఆ పటాన్ని వాడుకున్నవారు ఉన్నారు గానీ, సహాయరంగంలోని పెద్ద సంస్థలు దాన్ని పెద్దగా వాడలేదు. వాటికి తమ పద్ధతులు తమకున్నాయి. ఒక్కొక్కరి మొర విని ఒక్కొక్కరికి నీళ్ళు పంపే ఏర్పాటు ఏ సంస్థ దగ్గరా లేదు. పేటకు ఇన్ని బస్తాలని పంపే ఏర్పాటే ఉంది.

రెండవ లెక్క నాకు చాలా ఇష్టమైనది. ఐరోపా పరిశోధకులు సందేశాలు ఎక్కువ వచ్చిన చోట్లనూ భవనాలు ఎక్కువ కూలిన చోట్లనూ పోల్చి, రెండూ కలుస్తున్నాయన్నారు. ఇకనేం, సందేశాలను బట్టే నష్టం ఎక్కడ ఎక్కువో చెప్పవచ్చుననే ఉత్సాహం లేచింది. 2011లో బెనెటెక్ సంస్థలోని గణాంకవేత్తలు, ప్యాట్రిక్ బాల్ తదితరులు, ఆ లెక్క మళ్ళీ చేశారు. భవనాలు ఎక్కువ ఉన్న చోట కూలినవీ ఎక్కువే ఉంటాయి, అక్కడ మనుషులూ ఫోనులూ కూడా ఎక్కువే కదా, కాబట్టి ముందు భవనాల సంఖ్యను లెక్కలో కలపండి అన్నారు. కలిపి చూస్తే, భవనాల సంఖ్య సమానంగా ఉన్న రెండు చోట్లలో నష్టం ఎక్కువైన చోటి నుంచి సందేశాలు కొంచెం తక్కువే వచ్చినట్లు తేలింది. ఇల్లు కూలినప్పుడు ఫోనూ కూలుతుంది, ఫోను పట్టుకునే మనిషీ కూలుతాడు.

ఇది చదివినప్పుడు నాకు విశాఖపట్నం గుర్తుకొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిపై విరుచుకుపడ్డాక కరెంటు లేదు, ఫోనులు లేవు. బెంగుళూరులోనూ డల్లాసులోనూ ఉన్న పిల్లలు ఫోను చేసి చేసి విసిగి, సాంఘిక మాధ్యమాల్లో ఫలానా కాలనీలో మావాళ్ళున్నారు, ఎవరైనా చూశారా అని వ్రాసుకున్నారు. ఆ రోజు సందేశాల పటం గీసి ఉంటే డల్లాసు వెలిగిపోయేది, విశాఖ నల్లగా ఉండేది.

మూడవ లెక్క మన్రోది. 2013లో ఒక పరిశోధన పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసంలో రెండు మాటలు గట్టిగా చెప్పారు. పని సింహభాగం చేసినది హైతీ ప్రజలు, దేశంలో ఉన్నవారూ బయట ఉన్నవారూ. పేరు మాత్రం పటం నడిపిన విదేశీ విద్యార్థులకు వచ్చింది. ఇక రెండవది గోప్యత. ఆపదలో ఉన్న మనిషి తన పేరు, చోటు చెప్పి పంపిన కబురు సాయం చేసేవారి కోసం, లోకమంతా చూడడం కోసం కాదు. ఒంటరి ఆడవారు, పిల్లలు ఎక్కడున్నారో బహిరంగ పటంలో పెడితే చూసేవారందరూ సహాయకులే అయి ఉండాలని ఏముంది? మైయర్ పక్షం వాదన వేరు. గంటల మీద ప్రాణాలు పోతున్నప్పుడు, వినే నాథుడు లేనప్పుడు, తెరిచి పెట్టడమే మేలనిపించింది అంటారు వారు. రెండు పక్షాల రాతలూ చదివాక, గోప్యత విషయంలో నేను మన్రో వైపే ఉంటాను. కానీ ఆ మొదటి రాత్రి మెడ్‌ఫర్డ్‌లో పటం తెరిచినవారిని తప్పుపట్టే నోరు నాకు లేదు.

నిజానికి ఆ పాఠం వెంటనే పనిచేసింది. 2011 మార్చిలో లిబియాలో యుద్ధం మొదలైనప్పుడు ఐక్యరాజ్యసమితి మానవతా విభాగమే పటం కావాలని ఔత్సాహికులను అడిగింది. ఈసారి రెండు పటాలు చేశారు. అసలైనది తాళం వేసి సహాయ సంస్థలకు మాత్రమే. బయటివారికి ఒక రోజు ఆలస్యంగా, వివరాలు తీసివేసినది.

ఇంకొక పాఠం నేపాల్‌లో కనిపిస్తుంది. నామా బుధాథోకీ నాయకత్వాన కాఠ్మాండూ లివింగ్ ల్యాబ్స్ అనే చిన్న బృందం 2013 నుంచే, ఏ భూకంపమూ రాకముందే, ఆ లోయలోని బడులనూ ఆసుపత్రులనూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించే పనిలో ఉంది. విద్యార్థులు కాలినడకన తిరిగి, పేర్లు అడిగి, మేడకెన్ని అంతస్తులో వ్రాసుకున్నారు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ప్రపంచమంతటా వేలమంది మళ్ళీ పటం గీయడానికి కూర్చున్నారు. అయితే ఈసారి వారికి ఏది ముందు గీయాలో చెప్పేవారు కాఠ్మాండూలో ఉన్నారు. జనం ఇబ్బందులు చెప్పుకునే పటాన్ని కూడా ఉషాహిదీ సాఫ్ట్‌వేరుతో ఆ ఊరివాళ్ళే నడిపారు, కబురు వచ్చిన నంబరుకు ఫోను చేసి నేపాలీలో మాట్లాడి కనుక్కొని మరీ. హైతీలో ఐదేళ్ళ క్రితం అనువాదకుల కిటికీలో జరిగిన పని ఇక్కడ ఇంటిపనిగా జరిగింది. అనువాదమన్న ప్రశ్నే రాలేదు.

మళ్ళీ ఆ సందేశాల దగ్గరికే వచ్చి ముగిస్తాను. హైతీ భూకంపం నాటికి క్రెయోల్‌కు చెప్పుకోదగిన యంత్రానువాదం లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు ఎప్పుడో సేకరించి పెట్టుకున్న క్రెయోల్ పాఠాలను బయటపెట్టారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వారం తిరగకుండానే ఒక అనువాద యంత్రాన్ని నిలబెట్టారు. గూగుల్ కూడా అదే నెలలో క్రెయోల్‌ను చేర్చింది. దశాబ్దాలుగా ఎవరికీ పట్టని భాషకు ఆ ముహూర్తం అలా వచ్చింది. తరువాత 4636 సందేశాలలో పేర్లూ నంబర్లూ తీసివేసి పరిశోధకులకు ఇచ్చారు. 2011లో జరిగిన ఒక యంత్రానువాద పోటీలో క్రెయోల్ ఎస్సెమ్మెస్‌లను ఇంగ్లీషు చేయడం ఒక అంశం. అటుపైన ఆ సందేశాలు చిలీ, పాకిస్తాన్ మొదలైన ఇతర విపత్తుల సందేశాలతో కలిసి ఒక పెద్ద పట్టికగా, ఆపదలో వచ్చిన కబురు దేని గురించో కంప్యూటరుకు నేర్పే పాఠ్యసామగ్రిగా మారాయి. అంతర్జాల పాఠాలు చదువుకునే కుర్రవాళ్ళకు అది ఇప్పుడొక మామూలు అభ్యాసం. హైదరాబాదు కుర్రవాళ్ళు కూడా చేసే ఉంటారు.

ఆ పట్టికలో ఒక నిలువు వరుస ఇంగ్లీషు అనువాదానిది. దాని పక్క వరుసలో, మూలం అన్న శీర్షిక కింద, అప్పుడు వారు వ్రాసిన క్రెయోల్ మాటలు, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు వ్రాసినవి, అలాగే ఉన్నాయి. అభ్యాసానికి ఆ వరుసతో పని లేదు గనుక చాలామంది మొదట్లోనే దానిని తొలగించి మొదలుపెడతారు.